స్టైరీన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం శివారులోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి ఆవిరి ఊరి మీదికి వచ్చింది. అంతవరకు స్టైరీన్ అనే పేరు ఆ పరిశ్రమలో ఉన్నవారికి తప్ప తెలుగునాట ఎవరికీ పెద్దగా తెలియదు. ఆ తర్వాత పుట్టిన భయాల్లో కొన్ని న్యాయమైనవి, కొన్ని వట్టి పుకార్లు. విచిత్రమేమిటంటే, గ్యాస్ లీకు గురించి అడిగేవారు ఎందరో కానీ, రేకుల షెడ్లలో ఫైబర్ పని చేస్తూ ఏళ్ల తరబడి ఇదే రసాయనాన్ని పీల్చేవారి గురించి అడిగేవారు అరుదు. ఇక్కడ రెండింటికీ జవాబులు ఉన్నాయి.

స్టైరీన్ అంటే ఏమిటి? ఎందుకు వాడతారు?

రంగులేని, నూనెలాంటి ద్రవం. బెంజీన్, ఇథిలీన్ కలిపి ఇథైల్ బెంజీన్ తయారు చేస్తారు. దాని నుంచి కొంత హైడ్రోజన్‌ను తొలగిస్తే స్టైరీన్ వస్తుంది. 145 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది కానీ, మామూలు ఎండకే ఆవిరవుతూ ఉంటుంది. సుమారు 31 డిగ్రీలు దాటితే ద్రవం పైన నిప్పు అంటుకోగలిగేంత ఆవిరి చేరుతుంది. మన వేసవిలో ఆ వేడి నీడపట్టున కూడా ఉంటుంది. ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లు బరువు. ఈ సంగతి గుర్తుంచుకోండి, కింద చాలాచోట్ల అవసరమవుతుంది.

దీని అణువులు ఒకదానికొకటి తగులుకుని పొడవాటి గొలుసులుగా మారతాయి. అలా మారినదే పాలీస్టైరీన్: టీవీ పెట్టెలో వచ్చే థర్మోకోల్, ఐస్‌క్రీమ్ కప్పులు, పెరుగు డబ్బాలు. బ్యుటడీన్‌తో కలిపితే టైర్లలో వాడే సింథటిక్ రబ్బరు. ఇంకో పదార్థం కూడా చేరిస్తే హెల్మెట్లు, కంప్యూటర్ కీబోర్డులు చేసే ఏబీఎస్ ప్లాస్టిక్. పడవలు, నీళ్ల ట్యాంకులు, బస్సుల లోపలి భాగాలు చేసేటప్పుడు గాజుపీచును తడిపి గట్టిపరిచే జిగురు, అంటే ఫైబర్ రెజిన్‌లోనూ ఇదే ఉంటుంది.

థర్మోకోల్ ముట్టుకుంటే స్టైరీన్ ముట్టుకున్నట్టేనా?

కాదు. గొలుసుగా మారిన తర్వాత అది వేరే పదార్థం. తయారీలో గొలుసుల్లో చేరకుండా మిగిలిపోయిన కొద్దిపాటి స్టైరీన్ మాత్రం అందులో ఉంటుంది. దాని సంగతి టీ కప్పు ప్రశ్నలో చూడండి.

వాసన వస్తోందంటే ప్రమాదం వచ్చేసినట్టేనా?

వెంటనే అలా అనుకోనక్కరలేదు. కోటి పాళ్ల గాలిలో ఒక పాలు స్టైరీన్ కలిసినా చాలామంది ముక్కు పసిగట్టగలదు. అంత కొద్దిగా ఉన్నప్పుడు వాసన తియ్యగా ఉంటుంది. మోతాదు పెరిగేకొద్దీ ఘాటెక్కి, కళ్లు మండి, గొంతు గరగరలాడుతుంది. హాని మొదలయ్యే స్థాయికి చాలా ముందే వాసన తెలుస్తుంది కాబట్టి ఆ మేరకు ఇది మర్యాదగల రసాయనమే.

అసలు తిరకాసు మరోచోట ఉంది. ఆ గాలిలోనే ఉండిపోతే కాసేపటికి ముక్కు అలవాటు పడుతుంది. ‘మొదట్లో వాసన వచ్చేది, ఇప్పుడు రావడం లేదు’ అని షెడ్డులో పనివారు చెబితే గాలి బాగుపడిందని కాదు, ముక్కు మొద్దుబారిందని అర్థం. బయటి నుంచి అప్పుడే లోపలికి వచ్చినవారి ముక్కునే నమ్మాలి.

ఎంతవరకు పీల్చినా ఫరవాలేదు?

పది లక్షల పాళ్ల గాలిలో ఒక పాలును ఒక పీపీఎం అంటారు. 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న మన కర్మాగారాల చట్టం రెండో షెడ్యూలు స్టైరీన్‌కు పెట్టిన హద్దు ఎనిమిది గంటల సగటున 50 పీపీఎం, పదిహేను నిమిషాలకు 100 పీపీఎం. అమెరికాలో చట్టబద్ధమైన హద్దు ఇప్పటికీ 100 దగ్గరే ఉంది. అదే దేశంలో పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం ఏసీజీఐహెచ్ మాత్రం తన సిఫారసును 2020లో 10 పీపీఎంకు దించింది. ఒకే రసాయనానికి ఇన్ని అంకెలు ఉన్నాయంటే, చట్టాలు విజ్ఞానం వెనకాల ఈడ్చుకుంటూ నడుస్తున్నాయన్నమాట. నా మట్టుకు నేను చిన్న అంకెనే పట్టుకోమంటాను.

700 పీపీఎం అనేది ప్రాణానికే వెంటనే ముప్పు అని గుర్తించిన స్థాయి. ఇంకో మాట: ఈ 10, 50, 100 అన్నీ ఆరోగ్యంగా ఉన్న పెద్దవారు పనివేళల్లో పీల్చే గాలికి పెట్టినవి. ఇంట్లో నిద్రపోతున్న పసిబిడ్డకో, ఉబ్బసం ఉన్న ముసలాయనకో పెట్టినవి కావు. లీకైన రోజు ఎవరైనా ‘హద్దులోనే ఉంది’ అంటే, ఏ హద్దు, ఎవరి కోసం పెట్టిన హద్దు అని అడగండి.

ఒంట్లోకి వెళ్లాక ఏం చేస్తుంది?

పీల్చిన స్టైరీన్‌లో సుమారు మూడింట రెండు వంతులు ఊపిరితిత్తుల నుంచి నెత్తురులోకి చేరుతుంది. ఒళ్లు వంచి పనిచేస్తే ఊపిరి ఎక్కువ తీస్తాం కాబట్టి ఇంకా ఎక్కువ చేరుతుంది. మొదటి దెబ్బ నరాల వ్యవస్థ మీద పడుతుంది: తలనొప్పి, మత్తు, కళ్లు తిరగడం, వికారం, నడకలో తూలు. మోతాదు బాగా పెరిగితే స్పృహ తప్పుతుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

కాలేయంలోని ఎంజైములు దీన్ని ముందు స్టైరీన్ ఆక్సైడ్‌గా మారుస్తాయి. ఈ మధ్యమజిలీ పదార్థమే చెడ్డది, కణాల్లోని డీఎన్‌ఏకు అతుక్కోగలదు. మరో ఎంజైము దాన్ని విరిచి చివరకు మాండెలిక్ ఆమ్లం, ఫినైల్ గ్లయాక్సిలిక్ ఆమ్లంగా మార్చి మూత్రంలో పంపేస్తుంది. చాలా భాగం ఒకటి రెండు రోజుల్లో పోతుంది. కొవ్వులో చేరినది కరగడానికి మరికొన్ని రోజులు పడుతుంది. సీసంలాగా ఏళ్ల తరబడి ఒంట్లో తిష్ఠ వేసే రకం కాదు. మద్యం తాగితే ఈ విరిచే పని మందగించి నెత్తురులో స్టైరీన్ ఎక్కువసేపు నిలుస్తుంది. పని దిగగానే సీసా పట్టేవారు గమనించవలసిన సంగతి.

వెంకటాపురంలో అసలు ఏం జరిగింది?

పైపు పగలడమో ట్యాంకు బద్దలవడమో జరిగి ఉంటుందని చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. నిజానికి ట్యాంకులో నిలవ ఉన్న స్టైరీన్ తనంతట తానే వేడెక్కి మరిగింది.

స్టైరీన్‌ను ఊరికే వదిలేస్తే నెమ్మదిగా తానే గొలుసు కట్టడం మొదలుపెడుతుంది. గొలుసు కట్టినప్పుడల్లా వేడి పుడుతుంది. ఆ వేడికి గొలుసు కట్టే వేగం పెరుగుతుంది, దాంతో మరింత వేడి. ఈ చక్రాన్ని ఆపడానికి రెండు కళ్లేలు ఉంటాయి. ఒకటి, సరుకును చల్లగా ఉంచడం; 20, 25 డిగ్రీలు దాటనివ్వకూడదు. రెండోది, టీబీసీ అనే నిరోధకాన్ని పది, పదిహేను పీపీఎం మేర కలపడం. ఈ నిరోధకం పనిచేయాలంటే ద్రవంలో కొంత ఆక్సిజన్ కరిగి ఉండాలి. వేడి పెరిగేకొద్దీ నిరోధకం త్వరగా ఖర్చవుతుంది. కాబట్టి మొదటి కళ్లెం జారితే రెండోదీ జారుతుంది.

కోవిడ్ లాక్‌డౌన్‌లో కర్మాగారం ఆగిపోయింది. ఎం6 అనే పాత ట్యాంకులో సుమారు 1,800 టన్నుల స్టైరీన్ కదలకుండా ఉండిపోయింది. బయట ఏప్రిల్, మే ఎండలు. రాష్ట్ర ప్రభుత్వం నీరభ్ కుమార్ ప్రసాద్ నేతృత్వంలో వేసిన హైపవర్ కమిటీ 2020 జూలైలో ఇచ్చిన నివేదిక చదివితే కోపం రాక మానదు. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉంది. మధ్యలో లేదు, పైన లేదు. 2019 డిసెంబరులో పైపులైను మార్చడంతో సరుకు పై నుంచి కింది వరకు కలవడం ఆగిపోయింది. చల్లబరిచే యంత్రాన్ని సాయంత్రం అయిదింటికి ఆపేసేవారు. నిరోధకం నిల్వ తగినంత లేదు. పైపొర కాగిపోతుంటే అడుగున చల్లటి అంకెను రాసుకున్నారు. జ్వరంతో కాలిపోతున్నవాడి అరికాలు తడిమి ఒళ్లు చల్లగానే ఉందన్నట్టయింది వ్యవహారం.

వేడి 150 డిగ్రీలు దాటింది. తెల్లవారుజామున మూడు గంటల సమయంలో ఆవిరి ట్యాంకు పైనున్న దారుల గుండా వెలువడి, ప్రహరీ దాటి, గాలి వాటున ఇళ్ల మీద పరుచుకుంది. కర్మాగారంలో 36 చోట్ల నుంచి సైరన్ మోగించే వీలున్నా ఎవరూ మోగించలేదని అదే కమిటీ రాసింది. 12 మంది చనిపోయారు, వందలమంది కింగ్ జార్జ్ ఆస్పత్రి సహా పలు ఆస్పత్రుల పాలయ్యారు. ఆవులు, గేదెలు కట్టుగొయ్యల దగ్గరే పడిపోయాయి. చెట్ల ఆకులు మాడిపోయాయి. ట్యాంకును అదుపు చేయడానికి నిరోధకాన్ని గుజరాత్ వైపు నుంచి విమానంలో తెప్పించవలసి వచ్చింది. మరుసటి రోజే జాతీయ హరిత ట్రైబ్యునల్ కంపెనీని 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమంది. మిగిలిన స్టైరీన్‌ను తర్వాత ఓడలో దక్షిణ కొరియాకు పంపేశారు.

ఇది భోపాల్‌లాంటిదేనా?

రసాయనాల మాటకొస్తే పోలికే లేదు. భోపాల్‌లో వెలువడిన మిథైల్ ఐసోసయనేట్‌కు పైన చెప్పిన షెడ్యూలులో పెట్టిన హద్దు 0.02 పీపీఎం, స్టైరీన్‌కు 50. అంటే రెండున్నర వేల రెట్ల తేడా. మిథైల్ ఐసోసయనేట్ తడి తగిలితే చాలు, ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. స్టైరీన్ అలా కాదు. మరి అంతమంది ఎందుకు చనిపోయారు? ఆవిరి పరిమాణం భారీది, గోడ పక్కనే ఊరు, అందరూ నిద్రలో ఉన్న వేళ, బరువైన ఆవిరి నేలబారుగా పాకడం, హెచ్చరిక లేకపోవడం. తక్కువ విషం గల పదార్థం కూడా మోతాదు మించితే చంపుతుంది. యాజమాన్యం తీరులో మాత్రం భోపాల్‌కూ దీనికీ పోలికలు వెతుక్కోనక్కరలేదు, కళ్లకు కట్టినట్టు కనబడతాయి.

గ్యాస్ లీకైందని తెలిస్తే ముందు ఏం చేయాలి?

గాలి ఎటు నుంచి వీస్తోందో చూడండి. జెండా, చెట్టుకొమ్మ, ఆరేసిన బట్టలు ఏదైనా చెబుతుంది. ఆవిరి వస్తున్న దారికి అడ్డంగా, పక్కకు తప్పుకుని, తర్వాత గాలికి ఎదురు దిక్కుగా వెళ్లండి. గాలితో పాటు పరుగెత్తితే ఆవిరి మీతోనే వస్తుంది. కాలువలు, గుంటలు, పల్లపు దారులు వద్దు. బరువైన ఆవిరి అక్కడే మడుగు కడుతుంది. బయటికి వెళ్లే దారి లేకపోతే కిటికీలు, తలుపులు మూసి, ఫ్యాన్లు, ఏసీ ఆపి, వీలైతే పై అంతస్తుకు ఎక్కండి. స్కూటరు స్టార్ట్ చేయడం, అగ్గిపుల్ల గీయడం, గ్యాస్ పొయ్యి వెలిగించడం ఆవిరి దట్టంగా ఉన్నచోట ప్రాణాంతకం. నేల మీద పడుకున్నవారిని, పిల్లలను, ముసలివారిని ముందు లేపండి. వెంకటాపురంలో చీకట్లో దిక్కుతోచక పరుగెత్తి పడిపోయినవారూ ఉన్నారు కాబట్టి, రెండు నిమిషాలు దిక్కు చూసుకోవడం వృథా కాదు.

ముక్కుకు తడిగుడ్డ కట్టుకోమంటారు. పాలు, అరటిపండు, బెల్లం తింటే విరిగిపోతుందంటారు. నిజమేనా?

స్టైరీన్ నీటిలో దాదాపు కరగదు. లీటరు నీటిలో గ్రాములో మూడో వంతు కూడా కలవదు. అందువల్ల తడిగుడ్డ ఆవిరిని ఆపలేదు. వేడి ఆవిరి చల్లబడి తుంపరలుగా మారితే ఆ తుంపరలను కొంత ఆపవచ్చు, అంతే. గుడ్డ కోసం వెతుకుతూ నిమిషాలు పోగొట్టుకోకండి.

పాలు, బెల్లం, అరటిపండు మంచి ఆహారమే, కానీ విరుగుడు కాదు. పీల్చినది ఊపిరితిత్తుల నుంచి నెత్తురులోకి పోతుంది, దానికీ కడుపుకీ సంబంధం లేదు. పైగా మత్తుగా, వాంతి వచ్చేలా ఉన్నవారి నోట్లో ఏదైనా పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. స్పృహ సరిగా లేనివారికి ఏమీ తినిపించకండి, తాగించకండి.

ఆస్పత్రిలో ఏ మందు ఇస్తారు?

దీనికంటూ ప్రత్యేకమైన విరుగుడు లేదు. ఆక్సిజన్ పెడతారు, ఊపిరి గొట్టాలు బిగుసుకుంటే వదులు చేసే మందు ఇస్తారు, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమో కొన్ని గంటల పాటు కనిపెడతారు. ఆస్పత్రికి చేరేలోపు మనం చేయగలిగినది కూడా తక్కువేమీ కాదు: స్వచ్ఛమైన గాలిలోకి తీసుకురావడం, తడిసిన బట్టలు విప్పించడం, ఒళ్లు సబ్బుతో కడగడం, కళ్లలో పడితే కనీసం పదిహేను నిమిషాలు ధారగా నీళ్లు పోయడం. ద్రవం పొరపాటున మింగినవారికి వాంతి చేయించకూడదు. కక్కేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారితే అసలు కంటే అదే పెద్ద ఆపద.

స్టైరీన్ క్యాన్సర్ తెస్తుందా?

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2018లో దీన్ని 2బీ వర్గం నుంచి 2ఏకు మార్చింది. అంటే ‘మనుషుల్లో బహుశా క్యాన్సర్ కారకం’. అమెరికా జాతీయ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2011లోనే దాదాపు ఇదే మాట చెప్పింది. జంతువుల్లో ఆధారం బలంగా ఉంది, ముఖ్యంగా ఎలుకల ఊపిరితిత్తుల్లో. మనుషుల్లో ఆధారం పరిమితం. డెన్మార్క్‌లో ఫైబర్ పరిశ్రమకు చెందిన డెబ్బై వేలమందికి పైగా కార్మికులను దశాబ్దాల పాటు గమనించిన అధ్యయనంలో ఒక రకం రక్త క్యాన్సర్, ముక్కు లోపలి గదుల్లో వచ్చే ఒక అరుదైన క్యాన్సర్ కొంత ఎక్కువగా కనిపించాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 2ఏ అన్నది ఆధారం ఎంత గట్టిదో చెబుతుంది కానీ, ముప్పు ఎంత పెద్దదో చెప్పదు. ఎర్ర మాంసం కూడా ఇదే వర్గంలో ఉంది. వర్గం పేరు చూసి బెంబేలెత్తడమూ తప్పే, ‘బహుశా’ అన్నారు కదా అని చేతులు దులుపుకోవడమూ తప్పే.

ఆ రాత్రి ఒక్కసారి పీల్చినవారికి తర్వాత క్యాన్సర్ వస్తుందా?

క్యాన్సర్ గురించి ఇప్పుడున్న ఆధారాలన్నీ రోజూ, ఏళ్ల తరబడి పీల్చిన కార్మికులవి. ఒక్కసారి పీల్చినవారికి ఆ భయం చాలా తక్కువ. దట్టంగా పీల్చి స్పృహ తప్పినవారి సంగతి వేరు. ఆయాసం, దగ్గు, మతిమరుపు, నిద్రలేమి, తూలు వంటివి మిగిలితే ఛాతీ వైద్యుడికి, నరాల వైద్యుడికి చూపించుకుంటూ ఉండాలి. ఆ రాత్రి చేరిన ఆస్పత్రి కాగితాలు పారేయకండి. ఎప్పుడైనా పరిహారం మాట వస్తే ఆధారం అవే.

ఫైబర్ పడవలు, ట్యాంకులు చేసేవారికి ప్రమాదం ఎంత?

నా దృష్టిలో ఈ మొత్తంలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. కొయ్య తెప్పల స్థానంలో ఫైబర్ పడవలు వచ్చాక మన తీరంలో ఈ పని పెరిగింది. ఊరి చివర రేకుల షెడ్డు, మధ్యలో పడవ అచ్చు, నలుగురు కుర్రాళ్లు. డబ్బాలో రెజిన్ పోసి, హార్డెనర్ కలిపి, గాజుపీచు మ్యాట్ పరిచి, బ్రష్షుతో తడిపి, రోలరుతో బుడగలు నొక్కుతారు. ఆ రెజిన్‌లో మూడో వంతు నుంచి సగానికి దగ్గరగా స్టైరీనే. గట్టిపడేలోపు అందులో కొంత గాలిలో కలుస్తుంది. అచ్చు తొట్టిలా లోతుగా ఉంటుంది. బరువైన ఆవిరి బయటికి పోకుండా అందులోనే నిలుస్తుంది. కుర్రాడు అందులోకి తల వంచి రోలరు తిప్పుతుంటాడు. షెడ్డు నాలుగు వైపులా తెరిచే ఉంది కదా అన్న ధీమా అక్కడ పనికిరాదు. అతని ముక్కున్న చోటే అన్నిటికంటే దట్టమైన ఆవిరి ఉంటుంది.

ఫ్యాన్ పెట్టినా ఎలా పెట్టారన్నది ముఖ్యం. వీపు వెనక స్టాండు ఫ్యాన్ పెడితే గాలి మనిషిని దాటి ఎదురుగా సుడి తిరిగి, ఆవిరిని మొహం మీదికే తెస్తుంది. గాలి పక్క నుంచి వచ్చి అచ్చు మీదుగా అవతలికి పోవాలి. అచ్చు అడుగు నుంచి పీల్చి బయటికి వదిలే ఎగ్జాస్ట్ ఉంటే మరీ మంచిది. జెల్‌కోటు, అంటే పడవకు పైకి నున్నగా కనిపించే రెజిన్ పూత, స్ప్రే చేసేవారు మిగిలినవారి కంటే ఎక్కువ పీలుస్తారు. ఆ సమయంలో మిగతావారు దూరంగా ఉండాలి. ఆవిరి తక్కువగా వదిలే రెజిన్లు ఉన్నాయి, మ్యాట్‌ను సంచిలో మూసి వాక్యూమ్‌తో రెజిన్ లాగే పద్ధతి ఉంది. ఖర్చు ఎక్కువని యజమానులు వాటి జోలికి వెళ్లరు.

ఏళ్ల తరబడి చేసినవారిలో రెండు నష్టాలు తెలియకుండానే వస్తాయి. నీలం, పసుపు ఛాయల తేడా మసకబారుతుంది. వినికిడి తగ్గుతుంది: స్టైరీన్ లోపలి చెవిలోని సన్నని కణాలను దెబ్బతీస్తుంది, గ్రైండర్ రొద తోడైతే నష్టం ఇంకా పెరుగుతుంది. చెవుడుకు కారణం మోత ఒక్కటేనని అందరూ అనుకుంటారు.

స్టైరీన్ కాకపోయినా ఈ షెడ్లలోనే చెప్పవలసిన మరో మాట: రెజిన్ త్వరగా గట్టిపడటానికి కలిపే కోబాల్ట్‌ను, హార్డెనర్‌ను ఎన్నడూ నేరుగా ఒకదానిలో మరొకటి పోయకండి, పేలుతుంది. ముందు ఒకటి రెజిన్‌లో బాగా కలిపాకే రెండోది. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు, కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి.

ఏ మాస్కు, ఏ గ్లౌజులు పనికొస్తాయి?

కోవిడ్ రోజుల ఎన్95 మాస్కు ధూళిని ఆపుతుంది, ఆవిరిని ఆపదు. సేంద్రియ ఆవిర్లను పీల్చుకునే బొగ్గు కార్ట్రిడ్జ్ ఉన్న రబ్బరు మాస్కు కావాలి. మొహానికి బిగుతుగా అతకాలి, గడ్డం ఉంటే అతకదు. కార్ట్రిడ్జ్‌కు ఆయుష్షు ఉంటుంది. మాస్కు లోపల వాసన తెలిసిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. వారాల తరబడి అదే కార్ట్రిడ్జ్‌తో లాగించడం కంటే మాస్కు లేదని ఒప్పుకోవడం నయం, కనీసం మనిషి జాగ్రత్తగా ఉంటాడు.

మామూలు రబ్బరు గ్లౌజుల్లోంచి స్టైరీన్ త్వరగానే దిగుతుంది. పలచటి నైట్రైల్‌వి కాసేపే ఆగుతాయి, తడవగానే మార్చాలి. వైటాన్, పాలీవినైల్ ఆల్కహాల్ గ్లౌజులు బాగా ఆపుతాయి కానీ, రెండోవి నీళ్లు తగిలితే పాడవుతాయి. చేతులకు అంటిన రెజిన్‌ను అసిటోన్‌తో కడిగే అలవాటు మానుకోండి. అది చర్మం మీది నూనెను తోడేసి, పగుళ్లు తెస్తుంది.

గర్భిణులు ఆ పని చేయవచ్చా?

వద్దు. మనుషుల్లో అధ్యయనాలు ఒకే మాట చెప్పకపోయినా, యూరప్ చట్టం స్టైరీన్‌ను కడుపులోని బిడ్డకు హాని చేస్తుందని అనుమానించదగిన పదార్థాల్లో చేర్చింది. అనుమానం తీరేదాకా ఆగే వీలు తొమ్మిది నెలలకు ఉండదు.

లీకైన ఊళ్లో నీళ్లు, కూరగాయలు వాడవచ్చా?

స్టైరీన్ నీటి మీద తేలి, చెరువుల నుంచి గంటల్లో, రోజుల్లో ఆవిరైపోతుంది. ఎండలో గాలిలోనిది ఒకటి రెండు రోజుల్లో విరిగిపోతుంది. భూగర్భ జలంలోకి దిగితే మాత్రం నిదానం, బావులను పరీక్ష చేయించాలి. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 20 మైక్రోగ్రాములు. ఆవిరి తగిలిన ఆకుకూరలు, ముదిరిన కాయలు, పశుగ్రాసం ఆ కోతకు వదిలేయడమే మేలు. ఇల్లంతా తెరిచి గాలాడనివ్వండి, మూతల్లేకుండా ఉంచిన నీళ్లు, వండిన అన్నం పారబోయండి, పక్కబట్టలు ఉతకండి.

థర్మోకోల్ కప్పులో వేడి టీ తాగితే?

కప్పులో మిగిలిపోయిన స్టైరీన్ కొద్దిగా టీలోకి దిగుతుంది. వేడి, నూనె, కొవ్వు పెరిగేకొద్దీ ఎక్కువ దిగుతుంది. అంటే నల్ల టీ కంటే నూనె తేలే వేడి సాంబారు, బిర్యానీ ఎక్కువ లాగుతాయి. అయినా ఆ పరిమాణం ఫైబర్ షెడ్డులో పీల్చేదానితో పోల్చదగినది కాదు. సిగరెట్టు పొగలోనూ స్టైరీన్ ఉంది, దాల్చినచెక్కలో, కాఫీలో సహజంగానే కాస్త ఉంటుంది. ఎలాగూ 2022 జూలై 1 నుంచి దేశంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, పళ్లేలతో పాటు అలంకరణ థర్మోకోల్‌ను కూడా నిషేధించారు. పెళ్లిళ్ల భోజనాల్లో ఇంకా కనిపిస్తున్నాయంటే అది వేరే కథ.

థర్మోకోల్ చెత్తను కాల్చవచ్చా?

వద్దు. నల్లటి మసితో పాటు స్టైరీన్, బెంజీన్, కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి. వినాయక చవితి పందిరి విప్పాక పిల్లల మధ్యే వీటిని తగలబెట్టడం ప్రతి వీధిలో చూస్తాం.

ఒంట్లో స్టైరీన్ చేరిందో లేదో పరీక్షతో తెలుస్తుందా?

తెలుస్తుంది, కానీ సమయానికి చేయాలి. పైన చెప్పిన మాండెలిక్, ఫినైల్ గ్లయాక్సిలిక్ ఆమ్లాలను మూత్రంలో కొలుస్తారు. పని దిగే వేళకు ఇచ్చిన నమూనాకే అర్థం ఉంటుంది. వారం సెలవు తర్వాత ఇస్తే ఏమీ కనబడదు, దాన్ని చూపించి ‘అంతా బాగుంది’ అనడం సులువు. లీకు జరిగిన నెల తర్వాత చేయించుకునే పరీక్షకూ ఇదే వర్తిస్తుంది, అది డబ్బు దండగ. ఫైబర్ పనివారు ఏడాదికోసారి వినికిడి, రంగుల చూపు, రక్తం, కాలేయ పరీక్షలు చేయించుకోవాలి.

మా ఇంటి పక్క ఫ్యాక్టరీలో ఏ రసాయనాలు ఉన్నాయో అడిగే హక్కు మాకు ఉందా?

ఉంది. భోపాల్ తర్వాత 1987లో కర్మాగారాల చట్టంలో 41-బి సెక్షన్ చేర్చారు. ప్రమాదకర పరిశ్రమ నడిపేవారు తమ పదార్థాల వల్ల కలిగే ముప్పును, దాన్ని ఎదుర్కొనే తీరును కార్మికులకే కాకుండా స్థానిక సంస్థకు, చుట్టుపక్కల జనానికి కూడా తెలియజేయాలని అది చెప్పింది. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో వచ్చిన కార్మిక భద్రత కోడ్‌లోనూ ఇదే బాధ్యత ఉంది. విశాఖ ప్రమాదం నాటికి ఆ సెక్షన్ పుస్తకంలో ఉండి ముప్పై ఏళ్లు దాటింది. గోడ అవతల ఏముందో వెంకటాపురంలో ఎంతమందికి తెలుసు?

అడగడానికి వెళ్తే ‘భద్రతా చర్యలు తీసుకుంటున్నారా’ అని అడగకండి. ‘అన్నీ పక్కాగా ఉన్నాయి’ అని పంపేస్తారు. ట్యాంకులో థర్మామీటర్లు ఎన్ని ఎత్తుల్లో ఉన్నాయి, రాత్రి చల్లబరిచే యంత్రం నడుస్తుందా, కరెంటు పోతే దేనితో నడుపుతారు, నిరోధకాన్ని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, దాని నిల్వ ఎంత, సైరన్ ఊరివారికి వినిపించేలా ఎప్పుడు మోగించి చూశారు, అది మోగితే మేము ఏ దారిన వెళ్లాలి అని అడగండి. పంచాయతీ తీర్మానంగానో, వార్డు నుంచి రాతపూర్వకంగానో కర్మాగారాల తనిఖీ అధికారికి, కలెక్టరుకు ప్రతులు పెట్టి అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద తనిఖీ నివేదికలు, ఆపద సమయపు ప్రణాళిక ప్రతి కోరండి. దరఖాస్తు రుసుము పది రూపాయలు.